క్లౌడ్‌లోకి ఏడుగురు సోమన్నలు

మా మనవరాలు బిందుమాధవి ఒక పని పట్టిందంటే విడిపించడం ఎవరి తరమూ కాదు. ఆరేళ్ళ వయసులో మా కొట్లో బెల్లం బుట్టకు పట్టిన చీమల్ని తరమడానికి కూర్చుంది. రెండు రోజులు ఊదింది. మూడో రోజుకు హుకుంపేటలోని చీమలన్నీ సామాన్లు సర్దుకుని పాడేరు వెళ్ళిపోయాయి. ఇందులో కొంత నేను కలిపాను. ఎంత కలిపానో అడగకండి. ఇకపై కలిపినచోట మీకే తెలిసిపోతుంది.

మా నాన్న చోడవరం వైపు నుంచి ఉప్పు, ఎండుచేపలు ఎడ్లబండి మీద తెచ్చి ఈ కొండల్లో అమ్మినవాడు. నన్ను మాత్రం విశాఖలో కాన్వెంటు బడిలో వేశాడు. కొడుకు ఇంగ్లీషులో ఉప్పు అమ్ముతాడని ఆయన ఆశ. నేను ఇంగ్లీషు నేర్చుకుని తిరిగొచ్చి తెలుగులోనే ఉప్పు అమ్మాను. బిందు కూడా విశాఖలోనే బీకాం చదివింది. ఒక ఆఫీసులో రెండేళ్ళు పనిచేసి, ఏసీ గదిలో ముక్కు కారుతోందని తిరిగొచ్చేసింది. ఇక్కడ కారదా అంటే ఇంకా ఎక్కువ కారుతుంది. కానీ ఇది తన చలి అంటుంది.

వచ్చి, చుట్టుపక్కల నలభై ఊళ్ళ గిరిజన రైతులు పెట్టుకున్న కాఫీ సంఘంలో టైపు చేసే పనికి చేరింది. పదేళ్ళు తిరిగేసరికి ఆ సంఘానికి ఆమే మేనేజరు. సంఘం అధ్యక్షుడు కిల్లో గాసి. పండ్లు తూచేది అప్పలనర్సమ్మ. ఆఫీసంటే వేరే భవనమేమీ లేదు, కాఫీ పండ్లకు తోలు తీసే షెడ్డులో ఒక మూల. ఆ మూలలో ఒక కంప్యూటర్. అది ఎంత వేడెక్కేదంటే అప్పలనర్సమ్మ దాని మీద అప్పడాలు ఆరబెట్టుకునేది.

ఆ కంప్యూటర్లో ఆరువందల పన్నెండు కుటుంబాల పేర్లు ఉండేవి. ఎవరు ఏ రోజు పండ్లు తెచ్చారు, ఏ బస్తా ఏ ఊరిది, అన్నీ అందులోనే. మా కాఫీ కొనేవాళ్ళకు బస్తా ఏ తోటలోంచి వచ్చిందో తెలియాలి. ఏటా పంటకు ముందు ఒక తనిఖీ అధికారి వస్తాడు. జాబితాలో తనకు తోచిన పది పేర్లు పట్టుకుని కొండెక్కి, ఆ పేరుగల మనిషి, అతని తోట మేం చెప్పిన చోట ఉన్నాయా, తోటలో మందులు కొట్టారా లేదా అని చూస్తాడు. పేరు ఒకచోట, తోట ఒకచోట అయితే, మందులు లేని కాఫీ అని సంఘానికున్న సర్టిఫికెట్ పోతుంది. అది పోతే ఆరువందల పన్నెండు ఇళ్ళవాళ్ళూ మళ్ళీ సంతలో ఎవరికి దొరికితే వాళ్ళకు పండ్లు ఇచ్చేసుకోవాలి. అలా ఇచ్చుకోకూడదనే పుట్టిన సంఘం అది.

మొన్న ఆగస్టులో షెడ్డు పక్క కరెంటు స్తంభం మీద పిడుగు పడింది. కంప్యూటర్ మూడు రోజులు చచ్చిపడుంది. పాడేరు నుంచి వచ్చిన మెకానిక్ ఏదో ముక్క మార్చి బతికించాడు. లోపలివన్నీ క్షేమంగానే ఉన్నాయి. కానీ ఆ మూడు రోజులూ బిందు అన్నంలో వేలు పెట్టి లేచిపోయింది. నాలుగో రోజు మా కొట్లోంచి పొడుగాటి నోటు పుస్తకం తీసుకెళ్ళి మొదటి పేజీలో ఇలా రాసింది: ‘నవంబరులో పండు కోత మొదలయ్యేలోగా అంతా క్లౌడ్‌లోకి.’

క్లౌడ్ అంటే ఏమిటో నాకు తనే చెప్పింది. ఎక్కడో ఊళ్ళలో, తాళాలు వేసిన చల్లటి గదుల్లో పెద్ద పెద్ద కంప్యూటర్లు ఉంటాయట. వాటిలో మనకు కావలసినంత చోటు అద్దెకు తీసుకోవడమట. ఒకటి పాడైతే ఇంకొకచోట అదే సరుకు ఉంటుందట.

సంఘం పెద్దల మీటింగులో ఆ పుస్తకం తెరిచింది. ఏది ముందు వెళ్ళాలి, ఏది చివర, ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు, చెడితే వెనక్కి ఎలా రావాలి, అన్నీ రాసుకుంది. గాసి చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని అంతా విన్నాడు.

“బిందమ్మా, మా పేర్లు ఎవుల్దో గదిలో పెడతానంటన్నావు. ఆడు తలుపు తీయనంటే ఏటి సేత్తావు?”

“రోజూ ఒక నకలు మనం దింపుకుంటాం మావా. ఆడు తీయకపోయినా మనకాడ ఉంటాది.”

“సిగ్నలో? మా ఊర్ల టవరు చినుకు పడితే తొంగుంటాది.”

“తూకం ఫోన్లో రాసుకుంటాం. టవరు లేచినప్పుడు అదే పైకెల్తాది.”

“మరి ఆ పాత పెట్టె?”

బిందు పుస్తకం తిప్పి చూపించింది. ఎర్ర సిరాతో రెండుసార్లు గీత గీసిన మాట ఒకటుంది: ‘రెండు చోట్లా పేర్ల సంఖ్య ఒక్కటయ్యేదాకా పాతది ఆపకూడదు.’

“ఇది బాగుంది,” అన్నాడు గాసి. “కొత్త ఇల్లు కారతాదో లేదో సూడకుండా పాతది ఇప్పకూడదు.”

పేర్లన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించే పనికి విశాఖ నుంచి తరుణ్ అనే అబ్బాయి వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, మర్యాదస్థుడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులోదంతా ఖాళీ చేసుకుని, అప్పలనర్సమ్మ ఇచ్చిన అల్లం టీ తాగి పనికి కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ముందుగా ఒక నమూనా ఎక్కించి చూపించాడు. తెర మీద రంగురంగుల గీతలు, గుండ్రాలు.

“మేడమ్, మీ డేటా చాలా చిందరవందరగా ఉంది. ఒకే మనిషిని చాలాసార్లు ఎక్కించారు. అన్నీ కలిపేశాను. ఆరువందల పన్నెండు కాదు, మీ రైతులు నాలుగువందల ముప్పై ఒక్కరే.”

బిందు తెర దగ్గరకు జరిగింది. పనసగుడ అని ఊరి పేరు కొట్టింది. కొర్రా సోమన్న అని కొట్టింది. ఒక్కడు వచ్చాడు.

“మిగతా ఆరుగురూ ఏరి?”

“ఒకరే కదా మేడమ్. పేరు ఒకటే, ఊరు ఒకటే, పుట్టినరోజు జనవరి ఒకటి. ఫోన్ నంబర్ కూడా ఒకటే.”

అప్పలనర్సమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఓలమ్మ, ఆరుగుర్ని మింగేసినాది.”

తరుణ్‌ది తప్పు కాదు. ఆ అబ్బాయి పుట్టిన ఊళ్ళో అలాగే చూస్తారు. మా కొండల్లో పిల్ల పుట్టిన వారమే పేరవుతుంది. సోమవారం పుడితే సోమన్న, ఆడపిల్లయితే సోంబారి. బుధవారమైతే బుద్రు, శుక్రవారమైతే సుక్ర. వారాలు ఏడే, ఇంటిపేర్లు పది దాటవు. ఇక పుట్టినరోజు సంగతి. కార్డులు తీసినప్పుడు తేదీ తెలియని పెద్దవాళ్ళందరికీ జనవరి ఒకటే పడింది. ఆ ఒక్కరోజున మా కొండల్లో ఎంతమంది పుట్టారంటే మంత్రసాని పరుగెత్తలేక గుర్రం కొనుక్కుంది. ఫోనైతే, ఊళ్ళో ఎవరిదానికి సిగ్నల్ అందుతుందో ఆ ఒక్క నంబరే అందరూ ఇచ్చుకున్నారు. పనసగుడలో అందేది ఒక బండ మీదే. దాని మీద ఎడమకాలు ఎత్తి నిలబడితే నాలుగు గీతలు, కుడికాలు ఎత్తితే రెండు.

తరుణ్ చెవులు ఎర్రబడ్డాయి. “సారీ మేడమ్, కలిపింది విప్పేస్తాను. పది నిమిషాలు.”

విప్పాడు. ఏడుగురు సోమన్నలూ వచ్చి తెర మీద నిలబడ్డారు. ఇక అయిపోయిందనుకున్నాను నేను. బిందు మాత్రం కదలలేదు.

“తాతా, వీళ్ళలో గెడ్డ అవతలోడు ఎవరు?”

“నాకేటి తెలుసునే గుంటా?”

“నాకూ తెలీడం లేదు.”

అసలు కథ అప్పుడు బయటపడింది. పాత కంప్యూటర్లో సోమన్నలు ఒకరి కింద ఒకరు వరుసగా ఉండేవారు. మొదటివాడు గెడ్డ అవతలివాడని, అంటే వాగు దాటి ఉండేవాడని, మూడోవాడు కొండ మీదివాడని బిందు చూపుతోనే గుర్తుపట్టేది. పనసగుడ వరకు తనకు తెలుసు. కొన్ని ఊళ్ళు అప్పలనర్సమ్మకు తెలుసు, కొన్ని గాసికి. అది ఎక్కడా రాసి లేదు. కొత్త దాంట్లో వరుస మారిపోయింది. పాత పెట్టె పక్కన పెట్టుకుని మళ్ళీ వరుస కలపొచ్చు కదా అన్నాడు తరుణ్.

“కలపొచ్చు,” అంది బిందు. “రేపు నేను జ్వరంతో పడితే ఎవరు సెప్తారు? ఈసారి తనిఖీ ఆయనకి జాబితా క్లౌడ్‌లోంచే ఎల్తాది. నన్నడక్కుండానే కొండెక్కుతాడు. ఒక సోమన్న తోటకి ఎల్లి ఇంకో సోమన్న పేరు రాసుకున్నాడంటే మన పని సరి.”

అప్పటికి తనిఖీకి ఇరవై ఆరు రోజులుంది. ఈ ఏటికి పాత పద్ధతిలోనే కానిచ్చి, క్లౌడ్ సంగతి వచ్చే ఏడు చూడమని పెద్దల్లో ఇద్దరు అన్నారు. బిందు ఆ ఇద్దరికీ టీ పోసింది కానీ మాట మార్చలేదు. పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, యంత్రం మింగిన నూట ఎనభై ఒక్క పేర్లూ, అవి ఏ పేర్లలో కలిసిపోయాయో ఆ పేర్లూ రాసుకుంది.

మొదట తరుణ్ చెప్పినట్టు మనిషికో నంబరు కార్డు ఇద్దామనుకుంది. నేను వద్దన్నాను. మా కాన్వెంటులో మూడో తరగతిలో అప్పారావులు ముగ్గురు. సిస్టర్ వాళ్ళకు ఒకటి, రెండు, మూడు అని నంబర్లు ఇచ్చింది. ఒకటో అప్పారావు లెక్కల పరీక్ష రోజున తన నంబరును రెండో అప్పారావుకు ఒక జామకాయకు అమ్మేశాడు. రెండోవాడు ఒకటికీ రెండుకీ రెండు పరీక్షలూ రాసి రెండిట్లోనూ తప్పాడు. మూడోవాడికి ఏ పాపమూ తెలియదు, దెబ్బలు మాత్రం వాడికే పడ్డాయి. ఆ మూడోవాడు ఇప్పటికీ ఎక్కడ అంకె కనబడినా అరచెయ్యి వెనక దాచుకుంటాడు.

“నువ్వూరుకో తాతా,” అంది బిందు. సంతరోజున బల్ల వేసుకుని కూర్చుని కార్డులు పంచింది.

మరుసటి సంతకు ఏమైందో చూడాల్సిందే. ఒకాయన కార్డు తలుపు కొట్టుకోకుండా కింద దోపాడు. అన్నదమ్ములు ఇద్దరు, ఒకరి అంకె ఇంకొకరికి నచ్చి మార్చుకున్నారు. ఒకావిడ కార్డు పనసకాయతో పాటు పుట్టింటికి పంపించింది. “మంచి అట్టమ్మా, మా తమ్ముడికి పనికొత్తాదనీసి,” అంది. బిందు పళ్ళు బిగించి నవ్వింది. వారం రోజులు పోయాయి.

ఆ సాయంత్రం షెడ్డులో బిందు పుస్తకం ముందు కూర్చుని ఉంది. అప్పలనర్సమ్మ బస్తాలు దులుపుతోంది. గాసి వచ్చి, సోమన్నకు ఒంట్లో బాగులేదని చెప్పాడు.

“ఏ సోమన్న?” అంది అప్పలనర్సమ్మ దులపడం ఆపకుండానే.

“పాము బండ సోమన్న.”

“మొన్న వానలో తడిసి గెడ్డ దాటేడు. అందికే.”

బిందు పెన్ను కింద పెట్టింది. “మావా, మీరు ఎవుర్నైనా అలాగే అంటారా?”

“ఎలాగ?”

“తోట పేరుతోటి.”

గాసి ఆమె వైపు చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. “మరెలాగ సెప్పుకుంటాం? అందరూ సోమన్నలే గదా. పాము బండ, జోడు పనస, నీటి ఊట, కూలిన గట్టు. ప్రతి తోటకీ పేరుంటాది. మా తాతలు పెట్టిన పేర్లు.”

“పదేళ్ళ బట్టి ఫారాలు నింపుతున్నాను, ఒక్కరూ సెప్పలేదేటి?”

“నీ ఫారంలో అయ్య పేరు అడిగేవు, పుట్టినరోజు అడిగేవు, ఫోను అడిగేవు. తోట పేరు అడిగేవేటి?”

పెద్దలూ బాబులూ ఎవరూ ఎన్నడూ అడగలేదు. ఆఫీసు కాగితాల్లో ఆ గడి లేదు. ఆ గడి లేని ఫారాన్ని పదేళ్ళు నింపింది మా మనవరాలే. ఆ మాట తనే అంది. అని ఊరుకోలేదు. తరుణ్‌కు ఫోన్ చేసి, మనిషి పేరుకంటే ముందు తోట పేరు వచ్చేలా గడి పెట్టమంది. తోటలో కాఫీకి నీడనిచ్చే మొదటి సిల్వర్ ఓక్ చెట్టు దగ్గర మనిషిని నిలబెట్టి ఫోటో తీస్తే, ఆ చోటు ఎక్కడుందో ఫోటోతో పాటే నమోదు కావాలంది.

“అక్కడ సిగ్నల్ ఉండదు కదా మేడమ్?”

“చోటు తెలియడానికి టవర్ అక్కర్లేదని నువ్వే చెప్పావు కదా తరుణ్. ఆకాశంలో ఉపగ్రహాలున్నాయన్నావు.”

“చెప్పాను మేడమ్,” అన్నాడు తరుణ్ నీరసంగా. రెండు రోజుల్లో పెట్టి పంపాడు.

అప్పటికి పదిహేడు రోజులుంది. బిందు, గాసి, అప్పలనర్సమ్మ తలో దారి పట్టారు. ముగ్గురి దగ్గరా మూడు ఫోన్లు. రోజూ తెల్లారకముందే జీపు. జీపు ఆగిన చోట నుంచి నడక. జలగలు పట్టకుండా కాళ్ళకు పొగాకు నీళ్ళు రాసుకుని వెళ్ళేది. పొగమంచు ఎంత దట్టంగా ఉండేదంటే ఒకరోజు నేను మా కొట్టు తలుపనుకుని పక్క ఊరివాళ్ళ తలుపు తీసి, వాళ్ళ గంజి తాగి వచ్చాను. సాయంత్రాలు బిందు బండల మీద, గట్ల మీద ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడేది. ఆ రోజు తీసినవన్నీ ఒక్కొక్కటే పైకి వెళ్ళేవి. వెళ్ళినదానికి పుస్తకంలో టిక్కు పెట్టేది. వాళ్ళమ్మ కాళ్ళు పట్టబోతే, “రేపు నలభై తోటలున్నాయి, వద్దు, నిద్రొచ్చేత్తాది,” అనేది.

పనసగుడకు వెళ్ళిన రోజు నేనూ జీపెక్కాను. ఏడుగురు సోమన్నలనూ ఒక్కరోజే చూడాలని నా సరదా. ఆరుగురు అయ్యారు. పాము బండ సోమన్న జ్వరం తగ్గి కంబళి కప్పుకుని వచ్చాడు.

“షావుకారూ, నువ్వెందుకొచ్చేవు? నీ ఫోటో కూడా తీత్తారేటి?”

“నన్ను తీస్తే ఫోన్ పగిలిపోతుందని వద్దన్నారు.”

తోట మధ్యలో రాళ్ళ వరస ఒకటి ఉంది. దానికి కింద వైపు, మిరియాల తీగలు చుట్టిన చెట్ల మధ్య ఒకావిడ కొడవలితో కలుపు కోస్తోంది. ఆమె సోంబారి, సోమన్న తమ్ముడి భార్య. తమ్ముడు పోయి ఆరేళ్ళయింది.

“కింద భాగం ఎవరిది?” అంది బిందు.

“ఆవిడిదే,” అన్నాడు సోమన్న. “మా తమ్ముడిది గదా. పండు నా బస్తాలోనే ఏస్తాం. నీ కాగితంలో మా ఇద్దరికీ కలిపి నేనొక్కన్నే గదా ఉన్నాను.”

బిందు రాళ్ళ మీద కూర్చుంది. అంతకు ముందు యంత్రం ఏడుగురిని ఒకరిని చేసిందని అందరం నవ్వుకున్నాం. మన జాబితా ఆరేళ్ళుగా ఇద్దరిని ఒకరిని చేసింది. దానికి యంత్రం కూడా అక్కర్లేకపోయింది.

“సోంబారీ, ఇన్నేళ్ళూ సెప్పలేదేటి?”

సోంబారి కొడవలి చేత్తో నుదురు తుడుచుకుంది. “ఎవులు అడిగేరు?”

“నేనడగలేదు,” అంది బిందు. లేచి, చెట్టు దగ్గర నిలబడమంది. సోంబారి కొడవలి దించలేదు, నవ్వలేదు. ఫోన్ వైపు ఎవరో పోట్లాటకు వచ్చినట్టు చూసింది. బిందు తోట పేరు అడిగింది. ఇద్దరిదీ పాము బండే. ఆమెది ఏమనాలి? సోంబారి ఆలోచించి, “కింద పాము బండ,” అంది. సోమన్నది మీద పాము బండ అయింది.

ఆ రోజు నుంచి బిందు ప్రతి తోటలోనూ రెండో ప్రశ్న వేసింది, మిగతా ఇద్దరిచేతా వేయించింది: దీన్ని చేసేది ఎవరు? నలభై ఊళ్ళు తిరిగేసరికి ఆ ప్రశ్నకు కొత్తగా పధ్నాలుగు పేర్లు వచ్చాయి. పన్నెండు ఆడవాళ్ళవి.

తనిఖీకి రెండు రోజుల ముందు తరుణ్ మళ్ళీ వచ్చాడు. ఈసారి బస్సులో ముందు సీటులో కూర్చుని, నిమ్మకాయ వాసన చూస్తూ క్షేమంగా చేరాడు. అంతా ఎక్కించి తెర చూపించాడు. ఆరువందల ఇరవై ఆరు.

“మేడమ్, మీ ఎర్ర గీత రూలు ప్రకారం పాతది ఆపలేం. అందులో ఆరువందల పన్నెండే. సంఖ్య కలవలేదు.”

బిందు పుస్తకం తెరిచింది. రెండుసార్లు గీసిన ఆ మాటను ఒకే గీతతో కొట్టేసింది. దాని కింద రాసింది: ‘పాతదే తప్పు.’ గాసి చేత సంతకం పెట్టించింది. అప్పలనర్సమ్మ వేలిముద్ర వేసింది. నేను కూడా పెడతానంటే, “నువ్వు పెడితే ఎవరూ నమ్మరు తాతా,” అంది.

తనిఖీ ఆయన వచ్చాడు. మనిషి ఎక్కువ మాట్లాడడు. తన ఫోన్లో జాబితా తెరిచి తనకు నచ్చిన పది పేర్లు నొక్కాడు. ఎవరిని నొక్కాడో మాకు చెప్పలేదు. దారి చూపడానికి సంఘంలోవాళ్ళెవరూ వద్దన్నాడు. ఫోన్ చూపించిన దారిన వెళ్ళిపోయాడు. రెండు రోజులు బిందు షెడ్డులో నేల తుడిచింది, యంత్రం తుడిచింది, తుడిచినదే తుడిచింది. నేను ఒక్క కథ కూడా చెప్పలేదు. అది కూడా రాసుకోండి, నిజం.

రెండో రోజు పొద్దువాలే వేళకు ఆయన బురదతో మోకాళ్ళ దాకా తడిసి వచ్చాడు. టీ తాగాడు.

“పాము బండ అని రెండు ఉన్నాయి,” అన్నాడు.

బిందు తుడిచే గుడ్డ కింద పెట్టింది.

“మీదది ఒకటి, కిందది ఒకటి. సరిగ్గానే ఉన్నాయి. కింద ఉన్నావిడ నన్ను కొడవలి పట్టుకుని తోట బయటే నిలబెట్టింది. నీ పేరు ఈ ఫోన్లో ఉందమ్మా అని చూపిస్తే గానీ లోపలికి రానివ్వలేదు.”

అని సంతకం పెట్టాడు.

ఆయన జీపు మలుపు తిరిగాక బిందు మూలకు వెళ్ళి పాత కంప్యూటర్ ప్లగ్గు పీకింది. దాని మీద కప్పే గుడ్డ మడిచి పక్కన పెట్టింది. అప్పలనర్సమ్మ పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి, “ఇంకా ఎచ్చగానే ఉంది, రేపట్నించి అప్పడాలు ఏటి మీద ఆరబెట్టాలి,” అంది.

నవంబరు రెండో వారంలో పండు కోత మొదలైంది. మొదటిరోజు తూకం దగ్గర వరసలో సోంబారి తన బస్తా తన నెత్తిన పెట్టుకుని వచ్చింది. వెనక సోమన్న తన బస్తాతో. అప్పలనర్సమ్మ ఫోన్ తెరిచి ‘కింద పాము బండ’ మీద వేలు పెట్టింది. చెట్టు కింద కొడవలితో సోంబారి బొమ్మ వచ్చింది. అప్పలనర్సమ్మ ఫోన్ తిప్పి ఆమెకు చూపించింది.

సోంబారి చాలాసేపు చూసింది. బస్తా దించింది. కొంగు సర్దుకుంది.

“బిందమ్మా,” అంది, “కొంగు జారిపోనాది అందులో. అందరూ సూత్తారంటన్నావు గదా. మళ్ళా తీయి.”

వరసలో ముప్పై మంది ఉన్నారు. బిందు తూకం ఆపించి, ఫోన్ తీసుకుని, సోంబారితో పాటు పాము బండ వైపు నడవడం మొదలుపెట్టింది.